మీ పట్టికలో చోటు లేని పని

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండళ్ల అధ్యక్షులకు, సభ్యులకు, రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు

మాన్యులారా,

జర్నలిజం విభాగాలు తమ ఖర్చు తామే సంపాదించుకోవాలని మీరు అనుకుంటున్నారు. ఆ మాట పైకి అనకపోవచ్చు. ఖాళీ అయిన పోస్టును నింపకుండా ఏళ్లు గడిపినప్పుడు, రెగ్యులర్ సీట్ల పక్కన సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు చేర్చినప్పుడు, పీరియడ్‌కు ఇంత అని లెక్కగట్టి పాఠం చెప్పించుకున్నప్పుడు మీరంటున్నది అదే. సమీక్షా సమావేశంలో సిలబస్ గురించి, విద్యార్థుల రాత గురించి అడగకుండా అడ్మిషన్లు ఎన్ని అన్న ప్రశ్నతో మొదలుపెట్టి దానితోనే ముగించినప్పుడూ అదే అంటున్నారు. అలాంటి సమావేశాల్లో వెనక వరుసలో కూర్చున్నవాణ్ని. ఒక దినపత్రిక డెస్కులో కొన్నాళ్లు పనిచేసి, ఆ తర్వాత జర్నలిజం పాఠాలు చెప్పుకుంటూ వచ్చినవాణ్ని. మీ అభిప్రాయం నాకు సమ్మతం కాదు. మీకు విడిగా రాసిన ఉత్తరానికి ఇన్‌వార్డ్ నంబరు పడుతుంది, అక్కడితో దాని ప్రయాణం ఆగిపోతుంది. అందుకని పాఠకుల ముందే రాస్తున్నాను. వాళ్లకు కూడా ఇందులో పాలుంది.

ముందు ఒక సూటి ప్రశ్న. తెలుగునాట విలేకరికి చదువు ఎవరు చెప్పాలి?

ఇప్పటికి రెండు దారులున్నాయి. ఒకటి, పత్రికలు నడిపే బడులు. ఈనాడు తన జర్నలిజం స్కూల్ పెట్టింది, తర్వాత మిగతా పెద్ద పత్రికలూ ఆ దారి పట్టాయి. అక్కడ ఫీజు ఉండదు సరికదా, నేర్చుకునే కాలంలో స్టైపెండ్ ఇస్తారు. బాగా నేర్పిస్తారు కూడా. తెలుగు డెస్కుల్లో చేయి తిరిగిన సబ్ ఎడిటర్లు చాలామంది అలా తయారైనవాళ్లే, ఆ మాట దాచను. అయితే అది యజమాని పెట్టిన బడి. తనకు కావలసిన మనిషిని తన డబ్బుతో తానే తయారు చేసుకుంటాడు. ఏ వార్త బ్యానర్ అవుతుందో, ఏది లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌కు కుదించుకుపోతుందో అన్న విచక్షణ కూడా స్టైల్ షీట్‌తో పాటే ఒంటపడుతుంది. ఏ పత్రిక ఎవరి పక్షమో చెప్పమంటే టీ కొట్టు దగ్గర కూర్చున్న మనిషి కూడా తడుముకోకుండా చెబుతాడు. శాసనసభలో జరిగిన ఒకే రోజు చర్చ మూడు పత్రికల్లో మూడు రకాలుగా ఎందుకు వచ్చిందని ఆ బడుల్లో ఏ విద్యార్థి అయినా అడగగలడా? అడిగితే జవాబు చెప్పే స్వేచ్ఛ మాస్టారికి ఉంటుందా?

రెండో దారి విశ్వవిద్యాలయం. అక్కడి విద్యార్థి ఎవరి మనిషీ కాదు. మూడు పత్రికలనూ బల్ల మీద పక్కపక్కన పరిచి, శీర్షికకు శీర్షిక, పేరాకు పేరా పోల్చి, ఎవరు ఏం వదిలేశారో తరగతిలో నలుగురి ముందు చెప్పగలడు. మీరు వదులుకుంటున్నది ఈ దారిని. అది మూతపడితే ఈ రెండు రాష్ట్రాల్లో విలేకరులందరూ యజమానుల బడుల్లోంచే రావాలి. లేదంటే ఏ చదువూ లేకుండా సెల్‌ఫోన్, మైకు గొట్టం పట్టుకుని రావాలి. ఆ పరిస్థితి పాఠకుడికి మేలు చేస్తుందని మీలో ఒక్కరైనా నమ్ముతున్నారా? అధికారంలో ఉన్నవాళ్లకు అది సౌకర్యంగానే ఉండొచ్చు. మీరు వాళ్ల సౌకర్యం చూడటానికి కూర్చున్నవారు కారు.

ఉస్మానియాలో 1954లో జర్నలిజం విభాగం మొదలైంది. అమెరికా నుంచి వచ్చిన డీ ఫారెస్ట్ ఓడెల్ దానికి ఆద్యుడు. దేశం మొత్తం మీద అప్పటికి అలాంటి విభాగాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. దానికి ఆరేళ్ల ముందే, 1948 ఆగస్టు 22న, ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఇదే హైదరాబాదులో దారికాచి చంపారు, రాసినందుకు. అలాంటి నగరంలో విలేకరులకు విశ్వవిద్యాలయం చదువు చెప్పాలని అనుకున్నప్పుడు ఆ విభాగం ఏడాదికి ఎంత ఫీజు రాబడుతుందని ఎవరైనా లెక్క అడిగి ఉంటారా?

మీరు ఖర్చు లెక్కలు అడుగుతున్నారు కనుక మా చదువులో ఖర్చు ఎక్కడుందో చెబుతాను. కంప్యూటర్లలో లేదు, స్టూడియోలో లేదు. వాటికోసం ఎప్పుడో ఒకప్పుడు గ్రాంటు వస్తుంది, రిబ్బను కత్తిరించే ఫొటో కూడా వస్తుంది. అసలు ఖర్చు కాపీ దిద్దడంలో ఉంది.

కొత్తగా చేరిన విద్యార్థి చేత హాస్టల్ నీళ్ల సమస్య మీద వార్త రాయించండి. మొదటి వాక్యం ఏం వస్తుందో నేను ఇప్పుడే చెప్పగలను: అధికారుల నిర్లక్ష్యంతో విద్యార్థులు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు. జిల్లా పేజీలు చదివి చదివి చేతికి అలవాటైన వాక్యం అది. అందులో వార్త లేదు. ఏ అధికారి? ఎందరు విద్యార్థులు? నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి, ఎన్ని గంటలకు ఆగుతాయి? వార్డెన్‌ను అడిగావా? ఆమె ఏమంది? ఎర్ర సిరాతో ఈ ప్రశ్నలు పక్కన రాసి కాగితం తిరిగి ఇస్తాను. ఆ అమ్మాయి మళ్లీ వెళుతుంది. మోటారు బాగానే ఉందని, దాన్ని వేసే మనిషి పోస్టే ఖాళీగా ఉందని తెలుసుకుని వస్తుంది. అప్పటికి నిర్లక్ష్యం అన్న మాట కాపీలోంచి దానంతట అదే పోతుంది. ఆ పోస్టు ఎప్పటి నుంచి ఖాళీ అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టిస్తాను. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. జవాబు వచ్చాక మూడోసారి రాస్తుంది. ఇంట్రో కుదురుతుంది. ఆ రోజు నుంచి ఆమెకు విశేషణాలంటే అనుమానం మొదలవుతుంది. నేను చెప్పే చదువు మొత్తం ఆ అనుమానమే.

ఇది నలభై మందికి ఒకేసారి బోర్డు మీద చెప్పే పని కాదు. ఒక్కొక్కరి కాగితం ముందేసుకుని, ఒక్కొక్కరితో కూర్చుని చేయాలి. కోర్టు వార్త నేర్పాలంటే కోర్టుకు తీసుకెళ్లాలి. వాయిదా అంటే ఏమిటో, ఆరోపణకూ అభియోగానికీ తేడా ఏమిటో, ఎవరి పేరు రాయకూడదో అక్కడ బెంచీ మీద కూర్చుంటేనే తెలుస్తుంది. మండల కార్యాలయానికి పంపాలి, బస్సు చార్జీ ఎవరిస్తారో చూడాలి. విద్యార్థులు రాసినవి అచ్చు కావాలి, ఎందుకంటే పేరుతో అచ్చయిన తప్పు నేర్పినంతగా మార్కులు కోసిన తప్పు నేర్పదు. అందుకే ఉస్మానియా విభాగం ఉస్మానియా కొరియర్ అనే ల్యాబ్ జర్నల్ తెచ్చింది. మిగతా చోట్లా విభాగాలు ఉన్నంతలో ఏదో ఒకటి తేవాలని చూస్తాయి. అచ్చు ఖర్చు ఏ పద్దు కింద రాయాలని అడిగితే అకౌంట్స్ సెక్షన్ వాళ్లు ఇతరములు అంటారు.

ఇప్పుడు మీ బిల్లు ఫారం తీసి చూడండి. తేదీ, పీరియడ్, చెప్పిన అంశం, సంతకం. గెస్ట్ అధ్యాపకుడికి డబ్బు వచ్చేది ఆ గడులు నిండిన గంటలకే. కాపీ దిద్దిన రాత్రులకు గడి లేదు. కోర్టుకు వెళ్లిన పూటకూ లేదు. సెలవుల్లో ఆదాయం సున్నా. మండల విలేకరికి పత్రికలు లైన్ అకౌంట్ ఇస్తాయి, ఎన్ని పంక్తులు అచ్చయితే అన్ని పైసలు. ఆ పద్ధతి అన్యాయమని తరగతిలో పాఠం చెప్పేవాణ్ని మీరు పీరియడ్ అకౌంట్ మీద పెట్టారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2019 జనవరిలో గెస్ట్ అధ్యాపకులకు పీరియడ్‌కు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వాలని చెప్పింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఇచ్చేది అంతకంటే తక్కువ. ఆ తక్కువ కూడా నెలనెలా రాదు.

యూజీసీ 2018 నిబంధనల్లో ఇంకో మాట ఉంది. కాంట్రాక్టు మీద పెట్టుకునే అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో పదో వంతు దాటకూడదు. మీ పరిధిలోని విభాగాల్లో ఆ గీతకు లోపల ఉన్నవి ఎన్నో మీ వెబ్‌సైట్లలో పెట్టగలరా? 2025 జనవరిలో వచ్చిన కొత్త ముసాయిదాలో ఆ పరిమితినే తీసేయాలన్నారు. ఎటూ పాటించని నిబంధన కనుక తీసేస్తే పేచీ ఉండదని కాబోలు. తెలంగాణలో విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామక బోర్డు బిల్లును 2022 సెప్టెంబరులో శాసనసభ ఆమోదించింది. అది గవర్నర్ దగ్గర ఆగింది. పెండింగ్ బిల్లుల తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రభుత్వం మారింది. 2025 ఏప్రిల్‌లో జీవో 21తో నియామకాలకు కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. ఏళ్లుగా పనిచేస్తున్న కాంట్రాక్టు అధ్యాపకులు మా సంగతేమిటని రోడ్డెక్కారు. ఇంత జరిగే లోపు ఎన్ని బ్యాచ్‌లు బయటికి వెళ్లిపోయాయో, వాళ్లకు ఎవరు ఏం చెప్పారో మీ దగ్గర లెక్క ఉందా?

డబ్బు లేదంటారు. ఆంధ్రప్రదేశ్ 2025-26 బడ్జెట్ 3.22 లక్షల కోట్ల రూపాయలు. అందులో ఉన్నత విద్యకు 2,506 కోట్లు. నూటికి రూపాయి కూడా లేదు. తెలంగాణ అదే ఏడాది 3.05 లక్షల కోట్ల బడ్జెట్‌లో బడి నుంచి విశ్వవిద్యాలయం దాకా విద్య మొత్తానికి 23,108 కోట్లు పెట్టింది, సుమారు ఏడున్నర శాతం. 15 శాతం ఇస్తామన్నది అధికార పార్టీ ఎన్నికల ప్రణాళిక. జాతీయాదాయంలో 6 శాతం చదువు మీద పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం అదే అంకెను మళ్లీ రాసుకుంది. ఆ గీతను దేశం ఇప్పటికీ అందుకోలేదు.

ఇవన్నీ ఆర్థిక మంత్రుల పనులు, మాకేం సంబంధం అంటారేమో. దేశంలోనే మొదటి రాష్ట్ర ఉన్నత విద్యామండలి 1988లో మన దగ్గర ఏర్పడింది, చట్టం చేసి మరీ. ప్రణాళిక వేయడం, విశ్వవిద్యాలయాలను సమన్వయం చేయడం, ప్రభుత్వానికి సలహా ఇవ్వడం ఆ మండలికి అప్పగించిన బాధ్యతలు. రాష్ట్రం రెండయ్యాక మండళ్లూ రెండయ్యాయి, బాధ్యత మారలేదు. ప్రవేశ పరీక్షల షెడ్యూలు ప్రకటించినంత ధీమాగా, ఈ కేటాయింపు చాలదని ఏ ప్రభుత్వానికైనా, ఏ పార్టీ అధికారంలో ఉండగానైనా, ప్రజలకు వినబడేలా ఒక్కసారి చెప్పారా? సలహా ఇవ్వడమంటే అడిగినప్పుడు తల ఊపడమేనా?

ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి మరీ విచిత్రం. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం లేకపోతే నా తరగతిలో సగం బెంచీలు ఖాళీగా ఉండేవి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చినవాళ్లు, కూలికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లలు చాలామంది. ఊళ్లో జరిగేది రాయాలన్న కసితో వస్తారు, ఆ కసి సిటీ పిల్లల్లో తక్కువ. (ఈ మాటకు సిటీ పిల్లలు నన్ను తిట్టుకున్నా పరవాలేదు.) ఆ పథకాన్ని ప్రభుత్వాలు నడిపే తీరు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో జీవో 77తో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవాళ్లను దాని నుంచి తప్పించారు. తెలంగాణలో బకాయిలు పేరుకుపోయి, 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసుకున్నాయి. కొన్ని రోజులకు హామీలు తీసుకుని తెరిచాయి. నడుమ నలిగింది విద్యార్థి. ప్రభుత్వం కట్టాల్సిన ఫీజుకు అతని టీసీ, మెమోలు తాకట్టు. ఉద్యోగం ఇస్తామన్న చోట ఒరిజినల్స్ అడిగితే ఏం చూపిస్తాడు? ఈపాస్ పోర్టల్‌లో స్టేటస్ ఫొటో తీసి చూపిస్తాడా?

ఇందులో ఇంకో మడత ఉంది. సెల్ఫ్ ఫైనాన్స్ విభాగానికి రావలసిన ఆదాయంలో పెద్ద భాగం ఈ రీయింబర్స్‌మెంట్ సొమ్ము. అది ప్రభుత్వం ఇవ్వదు. ఇవ్వలేదు కనుక విభాగానికి ఆదాయం లేదు. ఆదాయం లేదు కనుక పోస్టులు అడగకూడదు. ఈ వాదనను ఏ విద్యార్థి అయినా వార్తగా రాసి తెస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టి పంపేవాణ్ని. మీరు మాత్రం దాన్నే విధానంగా నడిపిస్తున్నారు.

ఇక రాత గురించి. నేను పత్రికల్లో వ్యాసాలు రాస్తాను, సొంతంగా ఒక బ్లాగు కూడా నడుపుతున్నాను. అందులో చేసేది పెద్ద పాండిత్యమేమీ కాదు. ఆ వారం వచ్చిన వార్తల్లోంచి ఒకటి తీసుకుని, శీర్షిక చెప్పిందేమిటి, లోపల ఉన్నదేమిటి, ఎవరి మాట లేకుండా పోయింది అని విప్పి చూపడమే. తరగతిలో చెప్పే పాఠమే తరగతి బయట ఉన్నవాళ్లకూ చెప్పడం. జిల్లాల్లో పనిచేసే కంట్రిబ్యూటర్లు చదువుతారు, కొందరు ఫోన్ చేసి పోట్లాడతారు. డెస్కులో వాక్యం మార్చేశారు, నా తప్పు కాదంటారు. ఆ పోట్లాటలు మళ్లీ నా తరగతిలో పాఠాలవుతాయి. ఎందుకంటే డెస్కుకూ ఫీల్డుకూ మధ్య ఏం జరుగుతుందో చెప్పే పాఠ్యపుస్తకం తెలుగులో నాకు కనబడలేదు.

యూజీసీ 2018 నిబంధనల అనుబంధంలో ఆ పనికి ఎంత విలువ ఉందో చూశారా? సాంఘిక శాస్త్రాల వాళ్లకు ఒక పరిశోధన పత్రానికి 10 మార్కులు. అంతర్జాతీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 12, జాతీయ ప్రచురణకర్త అయితే 10. పుస్తకంలో ఒక అధ్యాయానికి 5. అనువదించిన పుస్తకానికి 8. పత్రికా వ్యాసానికి ఏమీ లేదు, బ్లాగుకూ అంతే. విద్యార్థుల చేత పత్రిక తెప్పించినందుకూ గడి లేదు. ఎవరో రాసినదాన్ని అనువదిస్తే మార్కులున్నాయి, జర్నలిజం మాస్టారు జర్నలిజం చేస్తే లేవు. వైద్య కళాశాలలో ప్రొఫెసర్ రోగిని చూడకూడదని ఎవరైనా అంటారా? 

ఆ పరిశోధన పత్రాల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. డబ్బు కడితే వారంలో అచ్చువేసే జర్నళ్ల బెడద తట్టుకోలేకే యూజీసీ కేర్ అనే నమ్మదగిన జర్నళ్ల జాబితా తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆ జాబితానూ ఎత్తేసింది. జర్నళ్లను ఎంచే బాధ్యత ఇప్పుడు మీ విశ్వవిద్యాలయాల మీదే పడింది. ఎలాగూ కొత్త కొలతలు రాసుకోవాలి కదా, అందులో జనం చదివే రాతకు ఒక వరుస చేర్చడానికి అడ్డేమిటి? ప్రతి కాలమ్‌కూ మార్కులు వేయమని నేను అనను. కులం పేరు చెప్పుకుని, నాయకుణ్ని పొగిడి రాసే వ్యాసాలు కూడా వ్యాసాలే కనుక నిపుణుల చేత పరిశీలింపజేయండి. అసలు లెక్కలోకే తీసుకోకపోవడం మాత్రం కుదరదు.

కందుకూరి వీరేశలింగం బడిపంతులు. ఆ ఉద్యోగం చేసుకుంటూనే 1874లో వివేకవర్ధని మొదలుపెట్టి, అధికారుల లంచగొండితనాన్ని అచ్చులో పెట్టాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజమహేంద్రవరం ట్రైనింగ్ కాలేజీలో ఉపాధ్యాయ శిక్షణకు చేరి, వందేమాతరం ఉద్యమంలో కాలేజీ నుంచి గెంటించుకున్నాడు. 1908లో స్వరాజ్య పత్రిక నడిపి జైలుకు వెళ్లాడు. తెలుగు జర్నలిజం పుట్టుకలోనే పంతులు ఉన్నాడు. మీ పట్టిక ప్రకారం ఆ ఇద్దరికీ పదోన్నతి రాదు. సుప్రసిద్ధుల పేరిట పీఠాలు పెట్టి, వాళ్లు చేసిన పని చేసేవాణ్ని వేలెత్తి చూపడం ఏ న్యాయం?

వేలెత్తి చూపడం అన్నది ఊరికే అనలేదు. అధ్యాపకుల జీతాల బకాయి మీద వ్యాసం అచ్చయిన వారానికి ఒక కార్యాలయంలో నన్ను కూర్చోబెట్టి, సాహిత్యం రాసుకోవచ్చు కదా అని హితవు చెప్పారు. ఎక్కడ, ఎవరు అన్నది ఇక్కడ అనవసరం, ఆ హితవు విన్నవాళ్లు మీ విభాగాల్లో చాలామందే ఉన్నారు. ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964 నాటిది, గుమాస్తాలకూ తహసీల్దార్లకూ రాసినది. దాన్ని అధ్యాపకుడి నెత్తిన పెడతారు. 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు ప్రభుత్వ ఉద్యోగికి కూడా భావప్రకటన హక్కు ఉంటుందని, సామాజిక మాధ్యమంలో పెట్టిన పోస్టుకు శిక్షించడం చెల్లదని తీర్పు ఇచ్చింది. గుమాస్తాకే ఉన్న హక్కు, ప్రశ్నించడం నేర్పడమే ఉద్యోగమైనవాడికి లేదా? మంత్రిని ఏం అడగాలో ఉదయం తరగతిలో చెప్పి, మధ్యాహ్నం నోరు మూసుకుని సంతకం పెట్టి వచ్చే మాస్టారి దగ్గర విద్యార్థి ఏం నేర్చుకుంటాడో మీరే ఊహించండి.

భాష విషయంలో ఆంధ్రప్రదేశ్ మండలిని విడిగా అడగాలి. 2021 జూన్‌లో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియమే అని నిర్ణయించారు. అన్ని కోర్సులకూ కలిపి ఒకే మాట. జర్నలిజం చదివే పిల్లలకు ఉద్యోగాలిచ్చేవి తెలుగు పత్రికలు, తెలుగు చానెళ్లు. రాజ్యాంగం, చట్టాలు, బడ్జెట్ ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకోవాలి, అది నేను కాదనను. ఇంగ్లీషు రాని విలేకరిని ఎవరైనా బురిడీ కొట్టించగలరు. కానీ చదివినదాన్ని ఊళ్లో మనిషికి అర్థమయ్యే తెలుగులో రాయడం ఎక్కడ నేర్చుకోవాలి? 1918లోనే ఒక దేశభాషలో పెద్ద చదువు చెప్పవచ్చని ఉస్మానియా ఉర్దూలో చేసి చూపించింది. 1968లో తెలుగు అకాడమీని పెట్టుకున్నదీ తెలుగులో పాఠ్యపుస్తకాల కోసమే. సూరవరం ప్రతాపరెడ్డి గోల్కొండ పత్రికను 1926లో తెలుగులో తెచ్చినప్పుడు నిజాం రాజ్యంలో తెలుగుకు ఏ ఆదరణా లేదు. నేడు ఆయన పేరు తెలంగాణలో ఒక విశ్వవిద్యాలయానికి పెట్టారు. సంతోషమే. బోర్డు మార్చినంత త్వరగా లోపల పోస్టులు నింపితే ఇంకా సంతోషిస్తాం.

డిమాండ్ లేదన్న మాటకు నా జవాబు. నిజమే, ఉద్యోగాలు తగ్గాయి. 2020 లాక్‌డౌన్‌లో జిల్లా టాబ్లాయిడ్లు చిక్కిపోయాయి, పేజీలతో పాటు మనుషులూ పోయారు. జీతాలు చెప్పుకునేలా లేవు. ఈ సంగతి చేరే పిల్లలకు మొదటి రోజే చెబుతాను. డిజిటల్ డెస్కులో చేరినవాడి మొదటి పని వార్త రాయడం కూడా కాదు, థంబ్‌నెయిల్ మీద మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టడం. కానీ డిమాండ్ అంటే ఉద్యోగాల సంఖ్య ఒక్కటేనా? వాట్సాప్‌లో వచ్చిన వీడియో నిజమో కాదో తెలియక వేరే ఊరి నుంచి వచ్చినవాణ్ని పిల్లల్ని ఎత్తుకుపోయేవాడనుకుని కొట్టిన ఊళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ 2018లో ఉన్నాయి. కంప్యూటరే వార్త రాసి, గొంతు అనుకరించి, బొమ్మ సృష్టించే రోజులొచ్చాయి. ఏది ఎవరు చెప్పారు, ఎలా తెలుసు అని అడగడం నేర్పే విభాగం అవసరం ఇప్పుడు తగ్గిందా, పెరిగిందా? మా విభాగం అంటే ఎమ్మే చదివే ఇరవై మందినే చూస్తారెందుకు? వార్త చదవడం ఎలాగో డిగ్రీ విద్యార్థులందరికీ ఒక పేపరుగా పెట్టండి. చెప్పే మనుషులు ఈ విభాగాల్లోనే ఉన్నారు, పీరియడ్‌కు ఇంత అని బిల్లులు రాసుకుంటూ.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రతి విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగానికి మంజూరైన పోస్టులు ఎన్ని, నిండినవి ఎన్ని, ఎవరు ఏ పద్ధతిలో పనిచేస్తున్నారు అన్నది ప్రజలకు కనబడేలా పెట్టండి. ఇందుకు రూపాయి ఖర్చు లేదు. గెస్ట్ అధ్యాపకుడికి యూజీసీ చెప్పిన మొత్తం నెలనెలా ఇవ్వండి. కాపీ దిద్దే పనిని పనిగా లెక్కవేయండి. ల్యాబ్ జర్నల్‌కు బడ్జెట్‌లో సొంత పద్దు ఉండాలి, అందులో ఏం రాయాలో పరిపాలనా భవనం చెప్పకూడదు. విశ్వవిద్యాలయం మీద వార్త వచ్చినా సరే, అప్పుడు మరీను. రీయింబర్స్‌మెంట్ బకాయికి విద్యార్థి సర్టిఫికెట్లు ఆపవద్దని మీ పరిధిలోని ప్రతి కళాశాలకూ రాతపూర్వకంగా చెప్పండి, చెప్పాక అమలు చూడండి. జర్నలిజంలో తెలుగులో పరీక్ష రాసే వీలు ఉండాలి. నియామకాలకు, పదోన్నతులకు కొలతలు మళ్లీ రాసేటప్పుడు బహిరంగ రచనకు ఒక వరుస చేర్చండి.

పాఠకులకు కూడా ఒక మాట. మీ పత్రిక మీద మీకు కోపం వచ్చినప్పుడల్లా యజమానిని తిడతారు, విలేకరిని తిడతారు. ఆ విలేకరికి చదువు చెప్పాల్సిన చోటు ఎలా ఉందో ఒకసారి మీ ఊరికి దగ్గరలోని విశ్వవిద్యాలయానికి వెళ్లి చూడండి. సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలే, మీరూ పెట్టవచ్చు.

మాన్యులారా, వచ్చే విద్యాసంవత్సరం ప్రవేశాల నోటిఫికేషన్ వెలువడే లోగా పోస్టుల పట్టిక ఒక్కటైనా ప్రకటించండి. మిగతావాటి మీద చర్చకు పిలిస్తే వస్తాను. పిలవకపోయినా రాస్తూనే ఉంటాను.

భవదీయుడు,
ఒక జర్నలిజం అధ్యాపకుడు